బాబాయి పేరు మీద వైర్‌లెస్ ల్యాబ్‌కు డబ్బిచ్చాం: మీరూ ఇవ్వాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

మా బాబాయి టెలిఫోన్ శాఖలో మైక్రోవేవ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయిన పదకొండో రోజున, సత్యనారాయణపురంలో ఇంటి ముందు వేసిన షామియానా కింద భోజనాలయ్యాక బంధువులంతా కుర్చీలు దగ్గరికి లాక్కుని, "ఆయన పేరు మీద ఏదో ఒకటి చెయ్యాలి" అన్నారు. ఒకాయన బంగారు పతకం అన్నాడు. ఇంకొకాయన గుళ్లో శాశ్వత అన్నదానం అన్నాడు. అమెరికా నుంచి వచ్చిన మా పెద్దవాడు (బాబాయి పెద్దకొడుకు) కాలేజీలో ల్యాబ్ పెట్టిద్దాం, తలుపు మీద నాన్న పేరుండాలి అన్నాడు. పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "తలుపు మీద ఉంటే ఏంటి, ఫ్యాను రెక్కల మీద ఉంటే ఏంటిరా? ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. అట్లాంటిదేదన్నా చూడండి" అంది.

ఆ మాట పట్టుకుని మేం మూడేళ్లు తిరిగాం. ఒకచోట డబ్బు పోగొట్టుకున్నంత పని చేశాం, ఒకచోట బాగా ఖర్చుపెట్టగలిగాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో వైర్‌లెస్ పరిశోధనకో, ఆ పిల్లలకో మీవాళ్ల పేరు మీద సాయం చెయ్యాలని మీకుంటే, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది ఇక్కడ రాస్తున్నాను.

షామియానా కింద అంకె చెప్పకండి

అందరి ముందు "పది లక్షలు" అనేస్తే ఆ మాట వెనక్కి తీసుకోలేరు. పోయినవారి ఖాతాలో డబ్బుంటే అది వారసులందరిదీ. నామినీగా ఒకరి పేరున్నంత మాత్రాన ఆ ఒక్కరే విరాళం ఇచ్చెయ్యలేరు. బ్యాంకు పనులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పంపకాలు అయ్యేసరికి నెలలు పడుతుంది. సంవత్సరీకం నాటికి మొదలుపెడదాం అని గడువు పెట్టుకోండి. తొందరేమీ లేదు, కాలేజీలు ఎక్కడికీ పోవు.

ఈలోగా చెయ్యాల్సిన పని ఒకటుంది. పోయినవారి గురించి ఒక్క పేజీ రాయండి. పుట్టింది, చదివింది, గిట్టింది కాదు. చేతులతో ఏం పని చేశారో రాయండి. మా బాబాయి గురించి రాస్తుంటే పిన్నికి గుర్తొచ్చింది: ఆయన తెల్లవారుజామున లేచి కూర్చునేవారు. "నాలుగింటికి లింకు పడుకుంటుంది" అనేవారట. మన డెల్టాలో వరిచేల మీద, కాలవల మీద రాత్రిపూట తేమ గాలి పొరలుగా పేరుకుంటుంది. టవర్ నుంచి టవర్‌కు వెళ్లే మైక్రోవేవ్ కిరణం ఆ పొరల్లో వంగి, రెండు మూడు దారుల్లో వచ్చి, తనను తానే కొట్టేసుకుంటుంది. దాన్నే ఫేడింగ్ అంటారు. ఎండ పొడిచాక సర్దుకుంటుంది. ఈ ఒక్క జ్ఞాపకంతో మా దారి తేలింది: డబ్బు కంప్యూటర్ ల్యాబ్‌కు కాదు, యాంటెన్నాలు, తరంగాల మీద పనిచేసేవాళ్లకు ఇవ్వాలి.

మీవారు ఆకాశవాణిలో పనిచేసి ఉండొచ్చు (విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆ కేంద్రం ఇంజనీర్ల కుటుంబాలు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి), పోలీసు వైర్‌లెస్‌లో ఉండొచ్చు, ఇంట్లో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా నడుపుకునే సొంత రేడియో) పెట్టుకుని ఉండొచ్చు, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) లెక్చరరై ఉండొచ్చు. ఆ పేజీని బట్టే ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది.

ప్రిన్సిపల్ గది కన్నా ముందు ల్యాబ్ చూడండి

మన వైపు కాలేజీలకు కొదవ లేదు. కానూరు, వడ్డేశ్వరం, చౌడవరం, వడ్లమూడి, నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం, కొత్తగా నీరుకొండ, ఐనవోలు. కాస్త ఓపికుంటే ఒక వారంలో అన్నీ చుట్టి రావచ్చు. ముందు ఈసీఈ విభాగాధిపతికి (హెచ్ఓడీకి) ఫోన్ చేసి, సెలవులు కాని రోజు, మధ్యాహ్నం మూడింటికి వస్తామని చెప్పండి. పొద్దున్నే వెళ్తే టీ, బిస్కెట్లు, శాలువా, పవర్‌పాయింట్‌తో సరిపెడతారు. మూడింటికైతే ల్యాబ్‌లో పిల్లలుంటారు.

మేం వెళ్లిన ఒక ల్యాబ్‌లో ఎంటెక్ అమ్మాయి తను చేసిన యాంటెన్నా చూపించింది. పచ్చటి ఎఫ్ఆర్4 బోర్డు (సర్క్యూట్లు వేసే ఫైబర్‌గ్లాస్ పలక), మందం 1.6 మిల్లీమీటర్లు, దాని మీద రాగి చదరం. 2.4 గిగాహెర్ట్జ్‌కి పనిచేసే ఆ చదరం పొడవు మూడు సెంటీమీటర్లు కూడా లేదు, అగ్గిపెట్టె కన్నా చిన్నది. పక్కన ఎస్ఎంఏ కనెక్టర్ (కేబుల్ బిగించే చిన్న మర కనెక్టర్) సోల్డర్ చేసి ఉంది. దాన్ని యాంటెన్నా పనితీరు కొలిచే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్‌కి (వీఎన్ఏకి) బిగించే ముందు, ఆ అమ్మాయి దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కనెక్టర్ మధ్య పిన్ను చుట్టూ తుడిచింది. బిగించేటప్పుడు కేబుల్ తిప్పకుండా నట్టు మాత్రమే తిప్పింది. గ్రాఫ్ వచ్చింది, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో బాగా పనిచేస్తుందో చూపే లోయ ఉండాల్సిన చోటి నుంచి కాస్త పక్కకి జరిగి ఉంది. "ఇది యాంటెన్నా తప్పో కనెక్టర్ తప్పో చెప్పలేను సార్. ఈ కేబుల్ అరిగిపోయింది" అంది.

లక్షలు పోసి కొన్న అనలైజర్ బల్ల మీద ఉంది. దానికి తగిలించే కేబుల్ అరిగింది. ఎస్ఎంఏ కనెక్టర్లు మామూలుగా ఒక 500 సార్లు బిగించి విప్పేదాకా నమ్మదగ్గవి. ఏటా అరవై మంది పిల్లలు వాడే ల్యాబ్‌లో ఆ లెక్క ఎన్నాళ్లుంటుంది? కొలిచే ముందు పరికరాన్ని సరిచూసుకునే క్యాలిబ్రేషన్ కిట్‌లో ఒక ముక్క పోయింది. బిగింపు సరిగ్గా కొలిచి ఆపే టార్క్ రెంచ్ లేనే లేదు. వీటిలో ఏదీ ప్రారంభోత్సవానికి పనికొచ్చే వస్తువు కాదు. అందుకే ఎవరూ కొనివ్వరు.

ల్యాబ్‌లో మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "పోయిన ఏడాది డబ్బు లేక ఏ పని ఆగింది?" వాళ్లు వెంటనే పేరు పెట్టి చెప్పగలిగితే అది పని జరిగే ల్యాబ్. "మాకు అన్నీ ఉన్నాయండీ, మీరేమిచ్చినా సంతోషమే" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఆ తర్వాత తాళం ఎవరి దగ్గరుంటుందో, సాయంత్రం అయిదు దాటాక పిల్లలకు తీస్తారో లేదో కనుక్కోండి.

ఈ తాళం సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. మొదటి ఏడాది మేం ఒక కాలేజీకి స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) కొనిచ్చాం. రిబ్బన్ కత్తిరించారు, ఫొటో దిగాం. ఎనిమిది నెలల తర్వాత వెళ్తే అది అద్దాల బీరువాలో, పైన ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉంది. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది కాబట్టి పాడైతే ల్యాబ్ అసిస్టెంట్ జీతంలో కోస్తారేమోనని ఆయన భయం. ఆయన్ను తప్పుపట్టలేను. వస్తువు ఇచ్చాం గానీ మరమ్మతుకు రూపాయి ఇవ్వలేదు, "పాడైతే మేం చూసుకుంటాం" అని ఒక్క కాగితం కూడా రాయలేదు.

దేనికివ్వాలి

బంగారు పతకం గురించి ముందే చెప్పేస్తాను. వద్దు. 2005లో 10 గ్రాముల మేలిమి బంగారం 7,000 రూపాయల దరిదాపుల్లో ఉండేది, 2025లో లక్ష దాటింది. అప్పట్లో నిధి పెట్టినవారి వడ్డీ ఇప్పుడు పూత పతకానికి కూడా కష్టం. పైగా మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు ఉద్యోగం ఎలాగూ వచ్చి ఉంటుంది.

పరిశోధన వైపైతే వాడకపు వస్తువులకు ఇవ్వండి: కనెక్టర్లు, కేబుళ్లు, బోర్డులు, ఏటా క్యాలిబ్రేషన్ ఖర్చు, పాడైన పరికరం మరమ్మతు. సాఫ్ట్‌వేర్ రేడియో (రేడియో పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్రోగ్రామే చేసేది) నేర్చుకోవడానికి కంప్యూటర్‌కు తగిలించే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్, చేతిలో పట్టే చిన్న నానో వీఎన్ఏ లాంటివి కొన్ని వేల రూపాయల్లో వస్తాయి. పెద్ద అనలైజర్ ఒకటి కొనే డబ్బుతో ఇవి ప్రతి బ్యాచ్‌కూ ఒకటి ఇవ్వొచ్చు, హాస్టల్‌కు తీసుకెళ్లనివ్వొచ్చు. కొలతలో ఖచ్చితత్వం తక్కువే, కానీ తప్పుచేసి నేర్చుకోవడానికి అదే మేలు.

పత్రాలు అచ్చువేయించడానికి డబ్బివ్వమని అడుగుతారు. ఇక్కడ గట్టిగా ఉండండి. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు చాలా ఉన్నాయి, మీవారి పేరు మీద వాటిని పోషించనక్కర్లేదు. మంచి సదస్సులో పత్రం అంగీకారమై, చదవడానికి వెళ్లే పిల్లకు రైలు టికెట్టు, రిజిస్ట్రేషన్ ఫీజు ఇవ్వండి. అది వేరే లెక్క.

పీహెచ్‌డీ చేసేవాళ్ల పరిస్థితి బయటివాళ్లకు అంతగా తెలియదు. జాతీయ స్థాయి జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 వస్తోంది. గేట్ ప్రవేశ పరీక్ష స్కోరుతో చేరిన ఎంటెక్ పిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యామండలి) నెలకు 12,400 ఇస్తుంది. ఈ రెండూ లేనివాళ్లు, పగలు పాఠాలు చెప్పి రాత్రి పరిశోధన చేసేవాళ్లు మన కాలేజీల్లో చాలామంది. వాళ్లకు నెలజీతంలా ఇవ్వాలంటే మామూలు కుటుంబం వల్ల కాదు. కానీ కొలతలు తీసుకోవడానికి సరైన ఛాంబర్ ఉన్న సంస్థకు వెళ్లి, రెండు రోజులు ఉండి వచ్చే ఖర్చు మనవల్ల అవుతుంది. యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత ప్రసరిస్తుందో గదిలో సరిగ్గా కొలవాలంటే, తరంగాలు గోడలకు తగిలి తిరిగి రాని గది కావాలి. అట్లాంటి గది కట్టడం ఏ దాత తరమూ కాదు, బస్సు టికెట్టు మాత్రం అందరి తరమూ అవుతుంది.

ఇక బీటెక్ పిల్లలు. నా మనసు ఎక్కువగా ఇక్కడే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లకైనా ప్రాజెక్టు ఖర్చు సొంతమే. నలుగురు కలిసి ఒక బ్యాచ్. తలా రెండు, మూడు వేలు వేసుకుని, సరైన విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలీక, తెప్పించుకున్నది కాలిపోతే మళ్లీ కొనే ధైర్యం లేక, చివరికి తయారుగా అమ్మే దుకాణానికి వెళ్లి రిపోర్టుతో సహా ప్రాజెక్టు కొనుక్కొస్తారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. వాళ్లను తిట్టి లాభం లేదు. "కాలిపోతే ఇంకోటి ఇస్తాం" అనేవాళ్లు ఒకరుంటే సగం మంది సొంతంగా చేస్తారు. మేం ఇప్పుడు ఏటా ఎనిమిది బ్యాచ్‌లకు ఇస్తున్నది ఇదే: విడిభాగాలు రెండు సెట్లు, ఒకటి కాల్చుకోవడానికి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా మేనత్తవాళ్లు మేడ మీద చిక్కుకున్నారు. ఫోన్లలో చార్జింగ్ లేదు, ఉన్నవాటికి సిగ్నల్ దొరకలేదు. మరుసటి ఏడాది ఒక బ్యాచ్ తమంతట తాము 865 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే లోరా మాడ్యూళ్లతో (తక్కువ కరెంటుతో దూరం పోయే చిన్న రేడియోలతో), టవర్ లేకుండా మేడ నుంచి మేడకు చిన్న సందేశాలు పంపే పరికరం చేశారు. రెండు కిలోమీటర్లు పోయింది. ఒక మాడ్యూల్ కాలింది. రెండో సెట్టు అందుకే.

లెక్క వేసుకోండి: మూలనిధా, ఖర్చైపోయే నిధా

అసలు కదలకుండా వడ్డీ మాత్రం వాడేదాన్ని కార్పస్ అంటారు. పది లక్షలు వేశారనుకోండి, వడ్డీ 6.5 శాతమనుకుంటే ఏటా 65,000. అందులో 45,000 వాడి 20,000 మళ్లీ అసలులో కలిపితేనే నిధికి కాస్త ఎదుగుదల ఉంటుంది, అదైనా ధరల పరుగును పూర్తిగా అందుకోదు. మూడు లక్షలైతే వడ్డీ 19,500. దానికి ఒక కమిటీ, ఒక మీటింగు, ఒక సర్టిఫికెట్టు. ఇబ్బందే తప్ప ఇంకేం లేదు.

అందుకని నా మాటేంటంటే, పది లక్షల కన్నా తక్కువైతే మూలనిధి ఆలోచన మానుకోండి. ఏటా లక్ష చొప్పున అయిదేళ్లు ఇచ్చి అయిపోనివ్వండి. అయిదేళ్లలో నలభై బ్యాచ్‌లు, నూట అరవై మంది పిల్లలు. శాశ్వతంగా ఉండాలన్న కోరిక మనకుంటుంది గానీ పోయినవారికి ఉంటుందో లేదో. మా పెద్దవాడు దీనికి ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

మూలనిధే పెట్టాలంటే "ఈ మొత్తాన్ని కార్పస్‌లో ఉంచాలి" అని రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఆ కాగితం లేకపోతే కాలేజీ ఆడిటర్ దాన్ని ఆ ఏటి రాబడిగా రాసేస్తాడు, ఖర్చైపోతుంది.

చెక్కు ఎవరి పేరున

కాలేజీ అనేది బోర్డు మీద పేరు. దాని వెనక ఒక సొసైటీయో ట్రస్టో విశ్వవిద్యాలయమో ఉంటుంది, చెక్కు దాని పేరు మీదే రాయాలి. హెచ్ఓడీ సొంత ఖాతాకు, విద్యార్థి సంఘం వాళ్ల ఫోన్‌పేకు పంపకండి, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఆయన బదిలీ అయినా, ఇంకో కాలేజీకి మారినా మీ డబ్బుకు లెక్క చెప్పేవారుండరు. ఆ సంస్థ పాన్ నంబరు, 80జీ (దాతకు పన్ను మినహాయింపు) ఆమోద పత్రం నకలు అడిగి తీసుకోండి. ఆమోదానికి గడువు తేదీ ఉంటుంది, అది చూడండి. అడిగితే ముఖం మాడ్చుకునే సంస్థకు ఇవ్వనక్కర్లేదు.

ఒప్పంద పత్రం

స్టాంపు కాగితం మీద పెద్ద ఎంఓయూ అక్కర్లేదు. రెండు పక్షాల సంతకాలున్న లేఖ చాలు, కానీ ఏ మాటా గాల్లో ఉండకూడదు. మేం రాసుకున్నది దాదాపు ఇలా ఉంటుంది, మీకు కావలసినట్టు మార్చుకోండి:

"కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం ఏటా లక్ష రూపాయల చొప్పున అయిదు సంవత్సరాలు ఇస్తున్నాము. ఈ డబ్బును ఈసీఈ విభాగంలో యాంటెన్నా, వైర్‌లెస్ ప్రాజెక్టులకు కావలసిన విడిభాగాలు, కొలత పరికరాల మరమ్మతు, క్యాలిబ్రేషన్‌కు మాత్రమే వాడాలి. భవన నిర్మాణానికి, సన్మానాలకు, భోజనాలకు వాడరాదు. ఎంపిక ముగ్గురు అధ్యాపకుల కమిటీ చేస్తుంది, అందులో ఒకరు వేరే విభాగం వారై ఉండాలి. దాత కుటుంబ సభ్యులు ఎంపికలో పాల్గొనరు, వారి బంధువుల పిల్లలు అర్హులు కారు. పరికరం వాడకంలో పాడైతే విద్యార్థి నుంచి, ల్యాబ్ సిబ్బంది నుంచి వసూలు చేయరాదు. విభాగం పేరు మారినా, వేరే విభాగంలో కలిసినా ఇదే పని జరిగేచోట ఈ నిధి కొనసాగాలి. ఏటా జూన్ నెలాఖరులోగా ఖర్చుల వివరం ఒక పేజీలో పంపాలి. ఖర్చు కానిది తరువాతి సంవత్సరానికి చేరుతుంది."

పరికరం పాడైతే వసూలు చెయ్యకూడదన్న వాక్యం వెనక ఆ అద్దాల బీరువా ఉంది. బంధువుల సంగతి రాయకపోతే రెండో ఏడాదే ఫోన్లు మొదలవుతాయి, నన్ను నమ్మండి. పైగా దాత మనుషులకే లాభం జరిగితే సంస్థకు పన్ను చిక్కులు కూడా రావచ్చు.

"మనవాళ్ల పిల్లలకే అని రాద్దాం" అనే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఒక కులానికో మతానికో అని పెట్టిన నిధికి 80జీ వర్తించదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసమైతే ఆ అడ్డంకి లేదు. కాబట్టి అమ్మాయిలకే ఇవ్వాలనుకుంటే నిక్షేపంగా ఇవ్వొచ్చు. మా పెద్దమనిషికి చట్టం చూపించాకే నోరు మూతపడింది. చట్టం లేకపోయినా మేం ఒప్పుకునేవాళ్లం కాదనుకోండి.

పన్ను

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి. కింద రాసేవి అందరి నోటా నలిగిన పాత నంబర్లే, కట్టేముందు మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జీ మినహాయింపు లేదు. ఇప్పుడు జీతగాళ్లలో చాలామంది అందులోనే ఉన్నారు, అది తెలుసుకోకుండా రశీదు కోసం గొడవపడతారు. పాత విధానంలో ఉంటే, ఇలాంటి సంస్థలకిచ్చినదాంట్లో మామూలుగా సగం ఆదాయంలోంచి తీసేస్తారు, అదీ సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో పదోవంతు పరిమితికి లోబడి. లక్ష ఇస్తే 50,000 తగ్గుతుంది. 30 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్‌తో కలిపి మిగిలేది 15,600. నగదుగా 2,000 దాటితే అదీ రాదు.

రశీదు పోయినవారి పేరున రాయమని కొందరు పట్టుబడతారు. కుదరదు. చెక్కు ఎవరి ఖాతాలోంచి వెళ్లిందో వారి పేరు, వారి పాన్ ఉండాలి. "ఫలానావారి జ్ఞాపకార్థం" అన్న మాట వివరణలో రాయించుకోండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక సంస్థ తన విరాళాల పట్టిక దాఖలు చేసి, మే 31లోగా మీకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. మామూలు రశీదు ఉన్నా ఇది లేకపోతే మినహాయింపు నిలవదు. మే రెండో వారంలోనే అకౌంట్స్ వాళ్లకు గుర్తుచేయండి, ఆ నెలలో వాళ్లు అడ్మిషన్ల హడావుడిలో ఉంటారు.

పిల్లలు విదేశాల్లో ఉంటే

మన వైపు దాదాపు ప్రతి ఇంటికీ ఈ అధ్యాయం అవసరమే. మీ అబ్బాయి అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు కాలేజీకి ఇవ్వాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక కథ మారుతుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే అది విదేశీ విరాళమే. సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే ముందు చేరాలి. నమోదు లేని కాలేజీ తీసుకుంటే చిక్కు కాలేజీకి.

"అమ్మ ఖాతాకు పంపి, అమ్మ చేత ఇప్పిద్దాం" అన్న తెలివి అందరికీ వస్తుంది. మా పెద్దవాడికీ వచ్చింది. విదేశీ డబ్బును చుట్టుదారిలో పంపినట్టు లెక్కవేస్తే జవాబు చెప్పుకోవాల్సింది అమ్మే. చివరికి మేం చేసిందేంటంటే, లక్షలో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్న మేం ఇచ్చాం, పెద్దవాడు సెలవుల్లో వచ్చినప్పుడు పిల్లలకు రెండు రోజులు పాఠం చెబుతున్నాడు. డబ్బు కన్నా వాళ్లకు అదే నచ్చింది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు సూట్‌కేసులో రేడియో పరికరాలు తెచ్చి ఇస్తామంటారు. ప్రసారం చేసే పరికరాల దిగుమతికి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం అవసరం పడుతుంది, ఆ పని కాలేజీ పేరు మీదే జరగాలి. వాడకానికీ హద్దులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పట్టీ (బ్యాండ్), 865 మెగాహెర్ట్జ్ దగ్గరి చిన్న పట్టీ లాంటివాటిలో నిర్ణీత శక్తి దాటకుండా లైసెన్స్ లేకుండా ప్రయోగాలు చేసుకోవచ్చు. మిగతాచోట్ల ప్రయోగాత్మక లైసెన్స్ తీసుకోవాలి. మొబైల్ సిగ్నల్ బూస్టర్లు, జామర్లు దానమిస్తామని వచ్చేవాళ్లుంటే దణ్ణం పెట్టి పంపెయ్యండి.

ఇంట్లో మిగిలిన సెట్టు, పుస్తకాలు

హామ్ లైసెన్స్ మనిషితోనే పోతుంది. ఆయన వాడిన ట్రాన్స్‌సీవర్ (పంపడానికీ, వినడానికీ పనికొచ్చే రేడియో సెట్టు) లైసెన్స్ ఉన్నవారికే చేరాలి, పాత సామాన్ల వాడికి కాదు. కాలేజీలో హామ్ క్లబ్ ఉంటే అక్కడ లైసెన్స్ ఉన్న అధ్యాపకుడి ద్వారా ఇవ్వండి. లేకపోతే క్లబ్ మొదలుపెట్టించండి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు, ఇంజనీరింగ్ పిల్లలకు అది పెద్ద కష్టమేమీ కాదు. పదిమందికి పరీక్ష ఫీజు కట్టడం మీరు చేయగల అతి చవకైన సాయం. సొంత కాల్‌సైన్ (రేడియోలో గుర్తింపు పేరు) వచ్చిన పిల్ల యాంటెన్నా పాఠం వినే తీరే వేరుగా ఉంటుంది.

పుస్తకాలు లైబ్రరీకి ఇవ్వకండి, తూకానికి వెళ్తాయి. చేతిరాత నోటుబుక్కులుంటే మాత్రం ల్యాబ్‌లో పెట్టించండి. బాబాయి లింకు డైరీలో ఏ రోజు ఎన్నింటికి సిగ్నల్ ఎంత పడిందో పెన్సిల్‌తో రాసి ఉంది. దాన్ని ఒక పీహెచ్‌డీ కుర్రాడు వారం రోజులు తీసుకెళ్లి ఫొటోలు తీసుకున్నాడు.

ఇచ్చే రోజు

వేదిక, పూలదండ, పెద్ద అట్టముక్క చెక్కు వద్దని ముందే చెప్పండి. మొదటిసారి మాకు తెలీక సరేనన్నాం. ఒక అబ్బాయిని పిలిచి, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడని మైకులో చెప్పి, పిన్ని కాళ్లకు దణ్ణం పెట్టించారు. పిన్ని కాళ్లు వెనక్కి లాక్కుంది. ఇంటికొచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు సంవత్సరీకం తిథికి దగ్గర్లో ఒక మధ్యాహ్నం ల్యాబ్‌కే వెళ్తాం. ఎనిమిది బ్యాచ్‌లు బల్లల మీద తాము చేసినవి పెడతారు. పని చేయనివి కూడా పెట్టాలి, ఎందుకు పని చేయలేదో చెప్పాలి, అది షరతు. ప్రసంగాలుండవు. పునుగులు, టీ తెప్పిస్తాం, నిధి డబ్బుతో కాదు. ఎవరైనా పత్రం రాస్తే కృతజ్ఞతల్లో ఒక వాక్యం రాయమని కోరతాం, అంతకు మించి ఆ పరిశోధన మీద మనకే హక్కూ లేదు.

జూన్‌లో వచ్చే ఆ ఒక్క పేజీ లెక్కను మాత్రం తప్పకుండా చదవండి, చదివి ఒక ప్రశ్నైనా అడగండి. అడిగేవాళ్లున్నారని తెలిస్తే తరువాతి లెక్క ఇంకా వివరంగా వస్తుంది. పోయినసారి మాకొచ్చినదాంట్లో "టార్క్ రెంచ్: 1" అని ఉంది. పిన్ని దాని మీద వేలు పెట్టి ఇదేంటని అడిగింది. నట్టు ఎంత బిగించాలో అంత బిగించాక టక్కున ఆగిపోతుందని చెప్పాను. "మీ బాబాయి చేత్తోనే చెప్పేవాడు" అంది.